చిన్న బోర్డుకు సరైన కరెంటు

సంపాదకులకు,

చిన్న కంప్యూటర్ బోర్డుల పరిచయాల్లో ధరతో పాటు వాటి పరిమితులూ రాయండి. ఉదాహరణకు, రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బోర్డుకు మెమరీ (ర్యామ్) 512 ఎంబీయే. సెన్సర్ల రీడింగులకు చాలు, బ్రౌజర్ తెరిస్తే చతికిలపడుతుంది.

అసలు చిక్కంతా కరెంటుతోనే. 5 వోల్టుల, 2.5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. సన్నని, పొడవాటి కేబుల్‌లో వోల్టేజి పడిపోయి బోర్డు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. ఆ క్షణంలో మెమరీ కార్డు మీద రాత జరుగుతుంటే ఫైళ్లు పాడవుతాయి. పాపం, నింద మాత్రం బోర్డు మీద పడుతుంది! ముందు కేబుల్ మార్చి చూడాలి.

సెన్సర్ల తీగలు కలిపే బోర్డు పిన్నులు 3.3 వోల్టులకే. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ ఎకో పిన్ను (రీడింగు సంకేతం పంపేది) 5 వోల్టులిస్తుంది. నేరుగా కలిపితే చిప్ దెబ్బతింటుంది. ఎకో తీగకు వరుసలో 1 కిలో ఓమ్, బోర్డు పిన్ను నుంచి గ్రౌండుకు (సున్నా వోల్టుల పిన్ను) 2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి ఆ వోల్టేజి తగ్గించాలి.

– ఒక పాఠకుడు