అసలుదని అమ్మిన నకలు అంకుల్ శామ్ డిబ్బీపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 1886 నాటిదని చెప్పి కొత్త పోత డిబ్బీ పంపడం, పూర్తి డబ్బు వాపసు కోరడం.

ఆర్యా,

‘బఫెలో షెపర్డ్ హార్డ్‌వేర్ కంపెనీ వారి అసలు అంకుల్ శామ్ మెకానికల్ బ్యాంక్’ అని మీ సైట్‌లో పెట్టిన, అమెరికాకు ప్రతీకైన అంకుల్ శామ్ బొమ్మతో ఉన్న, నాణేలు దాచుకునే పోత ఇనుప డిబ్బీ అందింది. చేతిలో నాణెం పెట్టి వెనక మీట నొక్కితే చెయ్యి కిందికి దిగుతోంది, నాణెం సంచిలో పడుతోంది, గడ్డం ఆడుతోంది. పని చేయడంలో లోపం లేదు. షెపర్డ్ వారు 1886 జూన్ 8న పేటెంట్ పొందిన ఆ డిబ్బీ మాత్రం ఇది కాదు.

మొదట స్క్రూ. దాని తల మీద కూడిక గుర్తు ఆకారంలో గాడి ఉంది. అలాంటి గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూకు పేటెంట్ వచ్చిందే 1936లో. మధ్యలో ఎవరో మార్చి ఉంటారని మీరు అనవచ్చు. పాత డిబ్బీల్లో స్క్రూలు మారడం మామూలే కాబట్టి ఆ వాదన ఒప్పుకుని పక్కన పెడుతున్నాం.

కొలత విషయంలో అలాంటి సాకు కుదరదు. పీఠాన్ని కాగితం మీద పెట్టి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని చుట్టూ గీసి, అసలు డిబ్బీ గీతతో పోల్చాం. మీరు పంపినది పొడవులో 1/16 అంగుళం తక్కువ. కారణం పోత పనిలోనే ఉంది. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు సుమారు 1/8 అంగుళం కుంచించుకుపోతుంది. మొదట నమూనా చేసేవాళ్లు ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. తయారైన డిబ్బీనే నమూనాగా ఇసుకలో నొక్కి అచ్చు తీస్తే ఆ అదనం ఉండదు, వచ్చేది చిన్నదవుతుంది. స్క్రూ మార్చినట్టు దీన్ని ఎవరూ మార్చలేరు.

పోత కూడా గరుకుగా ఉంది. అసలు వాటికి సన్నటి ఇసుక వాడేవారు, అతుకుల్ని ఆకురాయితో సాపు చేసేవారు. ఇందులో రెండు సగాల మధ్య గోరు దూరేంత సందు ఉంది.

రంగు అరిగిన తీరు చూడండి. వేళ్లు తగిలే మీట మీద, నాణెం పెట్టే అరచేతిలో రంగు చెక్కుచెదరలేదు. ఎవరి వేలూ చేరని కోటు మడతల్లో మాత్రం ఉప్పుకాగితంతో రుద్దినట్టు పోయింది. తుప్పు నారింజ రంగులో ఉండి తుడిస్తే గుడ్డకు అంటుతోంది. పాత తుప్పు ముదురు గోధుమ రంగుకు తిరిగి ఇనుముకు గట్టిగా పట్టి ఉంటుంది. ప్యాంటు తెల్ల చారలకు, రంగులో ఏ మూలకాలున్నాయో ఎక్స్-కిరణాలతో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్ష చేయిస్తే టైటానియం కనిపించింది, సీసం కనిపించలేదు. టైటానియం తెలుపు 1886లో మార్కెట్‌లోనే లేదు.

మీ సర్టిఫికెట్‌లో ‘పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వవచ్చు’ అన్న ఒక్క మాటే ఈ వస్తువుకు సరిపోయింది. నిజంగా పాతదైతే రంగులో సీసం ఉంటుంది, ఆ సలహాయే ప్రమాదం. వైరు బ్రష్‌తో తోమి లక్క పూయమన్నది ఇంకా దారుణం. అసలు డిబ్బీకి ఎవరైనా అలా చేస్తే పాత రంగు పోతుంది, దాంతోపాటే విలువ పోతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడం చాలు.

నకళ్లు అమ్మడం మీద మాకు అభ్యంతరం లేదు. 1950ల్లో ‘బుక్ ఆఫ్ నాలెడ్జ్’ పేరుతో వచ్చిన నకలు డిబ్బీల అడుగున నకలనే ముద్ర ఉండేది. మీరు పంపినదాని అడుగున మధ్యలో, అలాంటి ముద్రను చెరిపేసినట్టు, గ్రైండర్ గీతలు సుడులు తిరిగి ఉన్నాయి, మిగతా అడుగంతా తాకలేదు. ఫొటోల్లో అడుగు భాగం ఎందుకు చూపలేదో మీరే చెప్పాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో డిబ్బీ ధర, రవాణా ఖర్చు, పరీక్ష ఖర్చు చెల్లించండి. సైట్‌లో ‘అసలు’ అన్న మాట తీసేసి, అడుగు భాగం, స్క్రూ, లోపలి వైపు ఫొటోలు పెట్టండి. లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. అడుగు గీతలు, పరీక్ష నివేదిక, ఫొటోలు జతచేశాం.

వస్తువు తీసుకెళ్లడానికి మనిషిని పంపేటప్పుడు రెండు పెట్టెలు, ఫోమ్ ఇచ్చి పంపండి. మీరు చుట్టిన ఒక పొర బబుల్ ర్యాప్ చాలదు. పోత ఇనుము కిందపడితే వంగదు, పగులుతుంది. ముందు విరిగేది చాచిన ఆ చెయ్యే.

ఇట్లు,
కొనుగోలుదారులు