పీడీఎఫ్‌తో పాటు అనుమతి కూడా ఒక లైన్‌లో రాసి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో తెలుగు బడులు తగ్గిపోయాక పెరంబూరు, కొరుక్కుపేట, అన్నానగర్ లాంటి చోట్ల చాలామంది పిల్లలు ఆదివారం తరగతుల్లోనే తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. ఈ తరగతులన్నీ వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌ల మీద నడుస్తున్నాయి. గేయాలు, బొమ్మల కథలు, దిద్దుడు షీట్లు వస్తూనే ఉంటాయి. రాసినవాళ్ల పేరు ఒక్కోసారి ఉంటుంది, బొమ్మ గీసినవాళ్ల పేరు దాదాపు ఉండదు. దాన్ని అచ్చేసుకోవచ్చా, మన పిల్లలకు తగ్గట్టు మార్చుకోవచ్చా అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. తెలుగు సంఘాలు, రచయితలు, రెండు తెలుగు ప్రభుత్వాలు దీని మీద దృష్టి పెట్టాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నెట్‌లో దొరికింది అందరిదీ అనే నమ్మకం మనలో బలంగా ఉంది. కింద ‘సౌజన్యం’ అని వేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన పుట్టగానే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయించకపోయినా, పుస్తకం మీద కాపీరైట్ గుర్తు లేకపోయినా ఆ హక్కు ఉంటుంది. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అది కొనసాగుతుంది. ఆ లెక్క చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి మొదలవుతుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన జీవించి ఉండగా అచ్చయిన కవితలకు 2043 చివరిదాకా హక్కుదారుల అనుమతి కావాలి. పోతన పద్యానికి ఎవరినీ అడగక్కర్లేదు గానీ, దానికి ఈ మధ్య ఒక పండితుడు రాసిన తాత్పర్యం ఆయనది. టీచర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పద్యం పాతదే కదా అని పేజీ మొత్తం స్కాన్ చేసి పెట్టేస్తారు.

పాఠం చెప్పే క్రమంలో టీచరు ఇచ్చే ప్రతులకు ఇదే చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక జిరాక్స్ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో అక్కడి హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే చదివింది. టీచర్లకు ఇది పెద్ద ఊరట. అయితే అవే పేజీలను పుస్తకంగా కుట్టించి నగరమంతా పంచడానికో, వెబ్‌సైట్‌లో పెట్టడానికో దాన్ని ఆసరా చేసుకోలేం. మాకు కావలసింది సరిగ్గా అదే. ఒక టీచరు తయారుచేసిన మంచి పాఠాన్ని ఇంకో పది తరగతులు వాడుకోగలగాలి, మెరుగు చేసుకోగలగాలి.

దీనికి దారి ఎప్పుడో ఏర్పడింది. 2002 నుంచి ఉన్న క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులతో, హక్కు తన దగ్గరే ఉంచుకుని ఏ షరతు మీద వాడుకోవచ్చో రచయిత ముందే చెప్పేయవచ్చు. బెంగళూరు నుంచి ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఏదైనా తెలుగు కథ తెరిచి చివరి పేజీలు చూడండి. అనువాదం ఎవరిది, మూల కథ ఎవరిది, ఏ పేజీలో బొమ్మ ఎవరు గీశారు, ఏ లైసెన్సు కింద విడుదలైంది అన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. ‘సీసీ బై 4.0’ అని ఉందంటే పేర్లు చెప్పి, మార్పులు చేస్తే చేశామని రాసి, అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. కథ పిల్లల చేతికి ఇచ్చేముందు నేను చదివేది ఆ చివరి పేజీలే.

‘ఎస్ఏ’ అని ఉంటే మన మార్పులతో వచ్చినదాన్నీ అదే లైసెన్సు కింద వదలాలి. తెలుగు వికీపీడియా వ్యాసాలు అలాంటివే. ‘ఎన్‌డీ’ అంటే మార్చినదాన్ని పంచకూడదు, అనువాదం కూడా మార్పే. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఈ చివరిదాన్ని మనవాళ్లు ఆలోచించకుండా తగిలిస్తారని నా అభిప్రాయం. నెలకు కొంత ఫీజు తీసుకుని నడిపే చిన్న తరగతి అది చూసి వెనక్కి తగ్గుతుంది. అందరూ వాడుకోవడానికి బొమ్మలు, ఫొటోలు దాచి ఉంచే వికీమీడియా కామన్స్ అయితే అలాంటి బొమ్మలను తీసుకోదు. బోధనకు ఇచ్చేవాటికి ‘బై ఎస్ఏ’ చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇలా ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోలేం కాబట్టి ముందే నిదానంగా ఆలోచించుకోవాలి.

అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. మా పిల్లల కోసం ఒక సంఘం వేసిన గేయాల పుస్తకాన్ని పెద్ద అక్షరాలతో మళ్లీ అచ్చేయాలనుకుని ఫోన్ చేశాను. “వాడుకోండమ్మా, ఎవరడుగుతారు” అన్నారు పెద్దాయన. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ గేయాలు రాసింది పదిమంది దాకా కవులు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చినవారి సంతకం ఉండాలి అని 19వ సెక్షన్ చెబుతోంది. సంఘం దగ్గర ఒక్కరి కాగితమూ లేదు. తమది కానిదాన్ని వాళ్లు నాకెలా ఇవ్వగలరు? పుస్తకం వేసేటప్పుడే ప్రతి కవి దగ్గరా రెండు వాక్యాల అంగీకారం తీసుకుని ఉంటే ఈపాటికి మా పిల్లలు ఆ గేయాలు పాడుతూ ఉండేవాళ్లు.

మనం ఉంటున్న తమిళనాడునే చూడండి. 1949లో తమిళ కవి భారతియార్ రచనల హక్కులను ప్రభుత్వం తీసుకుంది. అప్పటి నుంచి వందకు పైగా రచయితల రచనలను, వారసులకు డబ్బు చెల్లించి మరీ జాతీయం చేసింది. వాటిని ఏ ప్రచురణకర్త అయినా అచ్చేసుకోవచ్చు. వారసులకు న్యాయం జరిగింది, పాఠకులకు పుస్తకం దొరికింది. తెలుగు ప్రభుత్వాలు కూడా ముఖ్యమైన రచయితల విషయంలో ఇలా చేయాలి. అంతకంటే ముందు, రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఇంకొకటుంది. ప్రభుత్వ ప్రచురణల మీద ప్రభుత్వానికే 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ప్రజల సొమ్ముతో వేసిన వాచకాల మీద ఓపెన్ లైసెన్సు అచ్చేయడానికి అడ్డేముంది? కేంద్రం 2013లో మొదలుపెట్టిన జాతీయ బోధన వనరుల భాండాగారం ‘సీసీ బై ఎస్ఏ’నే ఎంచుకుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో వచ్చే కథలను, బొమ్మలను తరగతుల్లో పంచుకోవచ్చో లేదో, ఏ షరతు మీదో, రచయితలను అడిగి ఆ పేజీ అడుగునే వేయండి. వద్దన్నవాళ్ల కథ కింద వద్దనే వేయండి.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, పెరంబూరు, చెన్నై