‘లావు జన్యువు’ రిపోర్టుల్లో ఏం చూశారో రాయించండి

సంపాదకుల గారికి,

నమస్కారం. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇప్పుడు ‘ఊబకాయం జన్యు పరీక్ష’ కూడా కలిపి అమ్ముతున్నారు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసుకెళ్తారు. కొన్నాళ్లకు రంగురంగుల రిపోర్టు, దాని వెంటే డైట్ చార్టు వస్తాయి. ముప్పు ఎక్కువని చెప్పే ఎర్ర గీత చూసినవాళ్లు ‘మన రాత ఇంతే’ అని చేతులెత్తేస్తున్నారు. ముప్పు తక్కువని చెప్పే పచ్చ గీత చూసినవాళ్లు ఇక తమకు బెంగ లేదనుకుంటున్నారు. ఇద్దరూ మోసపోతున్నారు.

ఈ రిపోర్టుల్లో మొట్టమొదట కనిపించే పేరు ఎఫ్‌టీఓ అనే జన్యువుది. దీనికి ఊబకాయంతో ఉన్న సంబంధం 2007లో బయటపడింది. ఆ వరుసలో ఆర్‌ఎస్9939609 అనే నంబరు (ఆ జన్యువులో చూసిన చోటుకు గుర్తు), దాని పక్కన టీటీ, ఏటీ, ఏఏల్లో ఏదో ఒకటి ఉంటుంది. అమ్మ నుంచి ఒక అక్షరం, నాన్న నుంచి ఒకటి. బరువు పెంచేది ‘ఏ’. రెండూ ఏ ఉన్నవాళ్లు, అసలు ఏ లేనివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువు ఉంటారు. అంతే. ఆ లెక్క కూడా ఐరోపా జనాభాలో కట్టింది. ఒంటికి పని చెప్పేవాళ్లలో ఎఫ్‌టీఓ వల్ల వచ్చే ముప్పు దాదాపు 27 శాతం తగ్గుతుందని 2 లక్షల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలతో 2011లో తేలింది. ఈ మాట ఎర్ర గీత పక్కనే అచ్చువేయాలి కదా!

‘మీ జన్యువులకు తగిన ఆహారం’ అన్నదానికి కూడా ఆధారం లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని ఏడాది పాటు పరిశీలించి 2018లో ఫలితం ప్రకటించింది. కొవ్వు తగ్గించి తిన్నా, పిండిపదార్థాలు తగ్గించి తిన్నా బరువు ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఎవరి జన్యువులకు ఏ ఆహారం ‘సరిపోతుందో’ చూసి విడదీసినా తేడా కనిపించలేదు.

అసలు చిక్కు తీవ్ర ఊబకాయం దగ్గర ఉంది. బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 40 దాటితే తీవ్ర ఊబకాయం అంటాం. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 102 కిలోలు దాటితే ఆ గీత దాటినట్టే. ఇక్కడ మూడు కిలోల ఎఫ్‌టీఓతో పాటు అరుదైన, బలమైన జన్యు మార్పుల గురించి కూడా ఆలోచించాలి. అలాంటి మార్పులు వచ్చే జన్యువుల్లో బాగా తెలిసింది ఎంసీ4ఆర్. కొవ్వు కణాల్లోంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ ‘నిల్వ చాలినంత ఉంది, ఇక ఆపు’ అని మెదడుకు కబురు పంపుతుంది. ఆ కబురు చేరే దారిలో చివరి తలుపు ఎంసీ4ఆర్. అది సరిగా తెరుచుకోకపోతే కడుపు నిండినా ఆకలి తీరదు. ఈ మార్పు ఉన్నవాళ్లకు చాలావరకు చిన్నప్పుడే బరువు పెరుగుతుంది.

2024లో బీఎస్‌ఎన్ అనే మరో జన్యువు సంగతి తెలిసింది. బ్రిటన్‌లో ఆరోగ్య పరిశోధన కోసం సమాచారం దాచిన యూకే బయోబ్యాంక్‌లోని లక్షలాది మంది జన్యు సమాచారం చదివి కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు, పాకిస్తాన్, మెక్సికో జనాభాల్లో సరిచూశారు. మెదడులో నాడీకణాలు సంకేతాలు అందించుకునే చోట పనిచేసే ప్రోటీన్‌ను ఈ జన్యువు తయారుచేస్తుంది. అమ్మానాన్నల నుంచి వచ్చే దీని రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతిన్నవాళ్లు సుమారు 6,500 మందిలో ఒకరు ఉంటారు. వాళ్లకు తీవ్ర ఊబకాయం ముప్పు దాదాపు 6 రెట్లు. టైప్ 2 మధుమేహం, కాలేయానికి కొవ్వు పట్టడం కూడా ఎక్కువే. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ ప్రభావం చిన్నతనంలో కనబడదు, పెద్దయ్యాక బయటపడుతుంది. ‘పదో తరగతి దాకా సన్నగానే ఉన్నాడు, ఇది జన్యువుల సంగతి కాదు, తిండి యావే’ అని ఇంట్లోవాళ్లు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా అనే మాట ఇక చెల్లదు.

బుగ్గ పరీక్షలో ఇలాంటి మార్పులు చాలావరకు దొరకవు. అది వాడే చిప్ ముందే ఎంచుకున్న కొన్ని లక్షల చోట్ల మాత్రమే చూస్తుంది. బీఎస్‌ఎన్‌లో దెబ్బ ఒక్కో కుటుంబంలో ఒక్కో చోట ఉంటుంది. పేపర్లో హెడ్డింగులు మాత్రం చూసి ఎక్కడా అచ్చుతప్పు లేదని చెప్పినట్టుంటుంది ఆ పచ్చ గీత. తీరా చిప్ అరుదైన మార్పు ఏదైనా చూపించినా నమ్మడానికి లేదు. లక్ష మందిలో ఒక్కరికి కూడా లేనంత అరుదైన మార్పుల విషయంలో చిప్ ‘ఉంది’ అన్నవాటిలో నిజమైనవి 16 శాతమేనని 2021లో తేలింది.

నిజంగా అవసరమైనవాళ్లకు చేయాల్సింది సీక్వెన్సింగ్, అంటే జన్యువును అక్షరం అక్షరం చదవడం. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. అంతకంటే ముందు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చూడాలి, ఒలాంజపిన్ (మానసిక వ్యాధులకు), వాల్‌ప్రోయేట్ (మూర్ఛకు), స్టెరాయిడ్ల వంటి బరువు పెంచే మందులు వాడుతున్నారేమో అడగాలి. అయిదేళ్లలోపే బరువు పెరగడం మొదలై ఆకలి అదుపులో లేనివాళ్లకు, తీవ్ర ఊబకాయం కుటుంబంలో వరసగా కనిపించేవాళ్లకు ఈ పరీక్ష ముందు చేయాలి. వాళ్లలో కొద్దిమందికి ఫలితం చికిత్స దాకా తీసుకెళ్తుంది. అదే ఆకలి దారిలో పనిచేసే పీఓఎంసీ, పీసీఎస్‌కే1, లెప్టిన్ గ్రాహక జన్యువుల లోపాలకు సెట్‌మెలనోటైడ్ అనే ఇంజెక్షన్‌ను 2020లో అమెరికా ఆమోదించింది. బీఎస్‌ఎన్‌కు అలాంటి ప్రత్యేక మందు లేదు. అందుకే అందరికీ ఈ పరీక్ష చేయమని మేం అనడం లేదు.

సీక్వెన్సింగ్ రిపోర్టులో ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని వస్తే దాన్ని జబ్బుగా చదవకూడదు. పోల్చిచూసే సమాచారంలో మనవాళ్లు తక్కువ కాబట్టి మనకు ఈ మాట ఎక్కువగా వస్తుంది. భారతీయుల జన్యువులు చదివే జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు కింద 10 వేల మంది భారతీయుల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ల్యాబులు దాంతో పోల్చి చూడాలి.

ఆరోగ్య శాఖను మేం కోరేది ఇది. ప్రతి రిపోర్టు మొదటి పేజీలోనే వాడింది చిప్పా, సీక్వెన్సింగా, ఏయే జన్యువులు పూర్తిగా చదివారు, ఏవి చదవలేదు, లెక్క ఏ జనాభాది, బరువులో ఎన్ని కిలోల తేడా అన్నది తెలుగులో ఉండాలి. అరుదైన మార్పు కనిపిస్తే రెండో నమూనాతో సరిచూడకుండా రిపోర్టు ఇవ్వకూడదు. జన్యు ఫలితం చూసి ఆరోగ్య బీమా, ఉద్యోగం నిరాకరించకుండా అమెరికా 2008లోనే చట్టం చేసింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది వచ్చేదాకా, కన్సెంట్ ఫారంపై సంతకం పెట్టేముందు మిగిలిన నమూనాను ఎప్పుడు పారేస్తారో, సమాచారం ఎవరికి ఇస్తారో రాసిన పేరా ఉందో లేదో పాఠకులు చూసుకోవాలి. లేకపోతే పెన్నుతో రాయించుకుని ఒక కాపీ ఇంటికి తెచ్చుకోవాలి.

— జన్యు వైద్యంలో పనిచేస్తున్న ఇద్దరు వైద్యులు, హైదరాబాద్