అరవై దాటినవాళ్ళకు నడక ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

అరవై దాటిన మగవాళ్ళ గురించి మీ ఆరోగ్యం పేజీలో ఎప్పుడు చూసినా రోజూ నడవండి అనే ఉంటోంది. నడక గుండెకీ షుగరుకీ మంచిదే, కాదనను, కానీ కాళ్ళలో బలం పెరగాలంటే అది సరిపోదని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. పొద్దున్నే మా మైలాపూరు నాగేశ్వరరావు పార్కుకి (ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే అది) వచ్చి చూడండి, అరగంట ఆగకుండా నడిచే పెద్దమనుషులే బెంచీ మీంచి లేవాలంటే రెండు చేతులూ ఆనిస్తున్నారు. అడిగితే వయసండీ అంటారు. వయసు సగమే, కాళ్ళ కండకి పని చెప్పక మిగతా సగం.

1988లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు 60 నుంచి 72 ఏళ్ళ మగవాళ్ళు 12 మందితో, వారానికి 3 రోజుల చొప్పున 12 వారాలు, తొడలకు బరువుల వ్యాయామం చేయించారు. తేలిక బరువులనుకునేరు, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం! తొడ ముందు కండరాల బలం రెట్టింపు దాటింది, స్కాన్‌లో చూస్తే కండ మాత్రం 11 శాతం దాకానే పెరిగింది. మిగతా బలం చాలావరకు నరాల వల్ల వచ్చింది, ఉన్న కండనే ఎక్కువగా పనిలోకి దించడం అవి నేర్చుకుంటాయి. కాబట్టి కండ కనిపించడం లేదని నెలకే మానేయకండి. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలోని తొంభై ఏళ్ళవాళ్ళతో 8 వారాలు చేయిస్తే వాళ్ళకీ బలం పెరిగింది, ఆపేశాక మళ్ళీ తగ్గింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా ఇదే: వారానికి కనీసం 2 రోజులు కండరాలకు పని, 65 దాటితే 3 రోజులు బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా. మన ఇళ్ళల్లోనేమో పిల్లలు ప్రేమకొద్దీ నాన్న చేతిలోని కూరగాయల సంచీ కూడా లాగేసుకుంటారు.

ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవచ్చు, వ్యాయామానికి వాడే రబ్బరు బ్యాండు లాగొచ్చు, పన్నెండుసార్లు సులువుగా వచ్చేస్తుంటే కష్టం కాస్త పెంచాలి. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది, గుండె జబ్బున్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

దయచేసి ఒక మంచి ఫిజియోథెరపిస్టుతో ఇవన్నీ బొమ్మలతో వారం వారం రాయించండి, జిమ్ముకి వెళ్ళడానికి మొహమాటపడే మా వయసువాళ్ళు చూసి చేసుకునేంత పెద్ద బొమ్మలతో.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, మైలాపూరు, చెన్నై