జోజిలా తెరిచే ముందు పైనున్న కొండను కూడా చూడండి

రోడ్ల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. మిలిటరీ డ్రైవరుగా శ్రీనగర్–లేహ్ రోడ్డు మీద ఏళ్ల తరబడి బండి నడిపాను. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు అదే రోడ్డులో లారీ తోలుతున్నాడు. అర్జీ మీద అర్జీ పెట్టాను. వచ్చిన ఒక్క జవాబులో మంచు తీసే పనులు బాగా సాగుతున్నాయని రాశారు. అయ్యా, నేను అడిగింది రాళ్ల సంగతి.

ఒకప్పుడు ఆ రోడ్డు మీది జోజిలా కనుమ మంచుతో అయిదారు నెలలు మూసి ఉండేది. 2025లో 32 రోజులకే తెరిచారు. ఆ చలిలో మంచు తవ్వినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ తొందరగా తెరవడం వల్ల, కొండ కరిగే రోజుల్లోనే బండ్లు దాని కింద నుంచి పోతున్నాయి. 11,500 అడుగుల ఎత్తున పగలు కరిగిన నీరు రాతి పగుళ్లలోకి దిగి, రాత్రికి గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు 9 శాతం ఉబ్బి పగులును ఇంకాస్త తెరుస్తుంది. చలి రోజుల తరబడి నిలిస్తే, ఆ ఐసు చుట్టుపక్కల తేమను కూడా లాక్కుని పెరుగుతుంది. చలికాలమంతా విడిపోయిన రాయిని పట్టి ఉంచేదీ ఆ ఐసే. ఎండలు వచ్చి అది కరిగితే ఇక పట్టేముంది?

పొద్దున బండి ఆపినప్పుడు రెండు రాతి పలకల మధ్య అద్దం ముక్కలాంటి ఐసు పొర కనబడేది. మధ్యాహ్నానికి అక్కడే నీళ్లు కారుతూ, చిన్న రాళ్లు క్యాబిన్ రేకు మీద టపటపా పడేవి. పెద్ద రాయి వస్తుందేమోనని కిటికీ అద్దం దించి, చెవులు రిక్కించి నడిపేవాళ్లం. పోయినేడు మావాడి లారీ మీద పెద్దదే పడింది. క్లీనర్ సీటు వైపు రేకు సీటుదాకా దిగిపోయింది. టీ తాగడానికి క్లీనర్ కిందికి దిగి ఉండబట్టి బతికాడు. ఆ రోజు నుంచి మావాడు ఫోన్ ఎత్తేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే.

జోజిలా కింద కడుతున్న సొరంగం పూర్తయితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అందాకా ఈ పిల్లలు ఏం కావాలి? రోడ్డు తెరిచే ముందు తాళ్లతో మనుషుల్ని దింపి, వదులైన రాళ్లను పడగొట్టించండి. పడే రాళ్లను ఆపడానికి కట్టిన వలలు నిండిపోతే ఖాళీ చేయించండి. ఎండ ముదిరిన వేళ బండ్లు ఆపించండి, తెల్లవారుజామున వదలండి. ముందు ఆ రాళ్లను చూడమనండి, అదే మళ్లీ మళ్లీ అడుగుతున్నాను. ఈసారైనా రాళ్ల గురించి జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఆ రోడ్డు మీద నడిపిన ఒక మాజీ డ్రైవరు