షీల్డుకు బదులు పనస దీపం ఇవ్వరాదా?

సంపాదకులు గారికి,

మీ జిల్లా పేజీలు తిరగేస్తే సన్మానం ఫొటో లేని రోజుండదు. ఓ మాస్టారు రిటైరవుతారు, ఓ పిల్ల ఆటల్లో గెలుస్తుంది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మన విజయనగరం కాబట్టి విద్వాంసుల సత్కారాలకూ కొదవ లేదు. శాలువా కప్పి, చేతిలో మెరిసే ప్లాస్టిక్ షీల్డు ఒకటి పెడతారు. శాలువా చలికాలంలో పనికొస్తుంది. షీల్డు అటకెక్కుతుంది. జూట్ మిల్లులో టర్నరుగా చేసి దిగిపోయిన నాడు నాకిచ్చినదీ అక్కడే ఉంది, మా ఆవిడ దాని దుమ్ము దులపడం ఎప్పుడో మానేసింది. ఆ డబ్బుతో మన జిల్లాలోనే లేతు (కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషను) మీద తీసిన పనస కర్ర టేబుల్ ల్యాంపు ఇవ్వరాదా అని అడగడానికే ఈ ఉత్తరం.

బొబ్బిలి వీణ నమూనాను పెద్దలకు బహూకరించే ఆనవాయితీ ఉందిగా అంటారు. ఉంది, ఉండాలి కూడా. కానీ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణను పనస దుంగలోంచి ఉలితో తొలిచి తీస్తారు, అది తరాలుగా చెయ్యి తిరిగిన కుటుంబాల విద్య. ప్రతి బడి వార్షికోత్సవానికీ వాళ్లనే పరుగులు పెట్టించలేం. లేతు పని వేరు. ఒకప్పుడు మంచం కోళ్లు, కవ్వాలు, బొంగరాలు తరిమెన (పాతకాలపు లేతు) పట్టే వడ్రంగులు మన పల్లెల్లో ఉండేవారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఆ పని నేటికీ బతికి ఉంది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద కనిపించినవి అక్కడ తీసిన కర్ర బొమ్మలే. అయితే అంకుడు కర్ర, లక్క రంగులు వాళ్ల సొత్తు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనం వాటిని కాపీ కొట్టనక్కర్లేదు. మనకు పనస ఉంది.

పనస చేవ, అంటే మాను లోపలి గట్టి కర్ర, కోసినప్పుడు పచ్చగా పసుపు కొమ్ములా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ముదిరి, కొన్నేళ్లకు గోధుమ రంగులోకి దిగుతుంది. చెదపురుగు అంత తేలిగ్గా జోలికి రాదు. తలుపులు, మంచాలు చేసేవాళ్లకు పొడుగు చెక్క కావాలి కాబట్టి సామిల్లులో పొట్టి ముక్కను ఎవరూ పట్టించుకోరు, తూకానికి వంటచెరకుగా పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడిమామిడితో పాటు పనస చెట్లూ నేలకూలాయి. మా చుట్టాల తోటలో కూలిన చెట్టు కొమ్మలన్నీ పొయ్యిలోకే పోయాయి. ల్యాంపుకు కావలసిందేమిటి? నిలువు కాడకు అడుగు పొడవు ముక్క, కింద పీటకు 7 అంగుళాల బిళ్ల. అంతే. పైడితల్లి పండగ సిరిమాను కోసం ఏటా చింతచెట్టును వెతికి, పూజ చేసి తెచ్చుకునే ఊరికి కర్ర విలువ నేను చెప్పాలా?

పచ్చి కర్ర మాత్రం పనికిరాదు. కర్ర తడి ముక్క కొసల నుంచే ముందు పోతుంది, అందుకే పగుళ్లు అక్కడ మొదలవుతాయి. కోసిన రోజే రెండు కొసలకూ మైనమో పాత పెయింటో పూసి, గాలి ఆడే నీడలో పెట్టాలి. మానుకు నట్టనడుమ ఉండే మెత్తటి బెండు ముక్కలో లేకుండా చూసుకోవాలి, అది ఉంటే ఎంత ఆరబెట్టినా చీలుతుంది.

అన్నిటికన్నా ఓర్పు కావలసింది కాడలో వైరు దూర్చే కన్నం దగ్గర. చాలామంది ముందు కాడను అందంగా తీసి, ఆఖర్న కన్నం వెయ్యబోతారు. పొడుగు బిట్టు కర్ర నార ఎటు లాగితే అటు పోతుంది, సన్నటి మెడ దగ్గర పక్కకు పొడుచుకొస్తుంది. ముందు కన్నం, తర్వాతే రూపం. అటు సగం, ఇటు సగం తొలవాలి. అంగుళానికోసారి బిట్టు బయటికి లాగి పొట్టు దులపాలి, లేకపోతే అది లోపలే బిగిసి కర్ర మాడుతుంది. ఆ తర్వాత లేతు సెంటర్లను (ముక్కను రెండు కొసల్లో పట్టుకునే మొనలను) ఆ కన్నానికే ఆనించి తిప్పితే, బయట ఏ వంపు తీసినా కన్నం నడిమధ్యే ఉంటుంది. మిల్లులో ఇనుప బుష్షులు తీసినప్పుడూ ఇదే పద్ధతి, కర్ర దగ్గర మాత్రం మరిచిపోతారెందుకో.

మన ఐటీఐల్లో రెండేళ్లు టర్నర్ ట్రేడు చదివి, విశాఖ కంపెనీల పిలుపు కోసం చూస్తూ కూర్చున్న కుర్రాళ్లు ఈ పని వారాల్లో పట్టేస్తారు. కాకపోతే ఇనుప లేతులో టూలు పోస్టులో బిగిసి ఉంటుంది, కర్ర లేతులో ఉలి మన చేతిలోనే ఉంటుంది. ఉలిని ఆనించే టూల్ రెస్టును కర్రకు దగ్గరగా జరిపి, స్విచ్చి వెయ్యకముందే ముక్కను ఓసారి చేత్తో తిప్పి చూడాలి. అదే వేగంలో 2 అంగుళాల కాడ అంచు కంటే 7 అంగుళాల పీట అంచు మూడున్నర రెట్లు జోరుగా పోతుంది, కాబట్టి పీటకు పుల్లీ మార్చి వేగం తగ్గించాల్సిందే. మెడలో తువ్వాలు, చేతికి గ్లౌజులు అసలొద్దు, మిషను దేన్ని పట్టినా మనిషిని లాగేసుకుంటుంది.

కొందరు కొత్తవాళ్లు తీసిన ల్యాంపులు చూశాను. నగిషీ బాగుంది, కరెంటు పనే అధ్వాన్నం. వైరు బయటి నుంచి లాగితే జాయింటు ఊడకుండా పీట లోపల ముడో క్లిప్పో ఉండాలి. ల్యాంపు తూలకుండా పీట కింద ఇనుప బిళ్ల బిగిస్తే వైరు దాటే చోట రబ్బరు బుష్షు పెట్టి, ఆ బిళ్లకు ఎర్త్ ఇచ్చి, మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. ఐఎస్ఐ మార్కు లేని హోల్డరుతో మిగిలేది ఎంతని? బల్బు ఎల్ఈడీయే వెయ్యాలి. పాత 60 వాట్ల బల్బు వేడికి లక్క పూత మెత్తబడుతుంది, పక్కనున్న షేడు కమిలిపోతుంది.

సన్మాన సంఘాల వారికి, హెడ్మాస్టర్లకు నా మనవి ఇదీ. ఒక్కసారికి ఆర్డరు స్థానిక వడ్రంగికో, ఐటీఐ చదివిన కుర్రాడికో ఇచ్చి చూడండి. పేరు, తేదీ పీట అడుగున చెక్కించండి, ముందువైపు ఇత్తడి రేకు కొట్టి పాడుచేయకండి. సామిల్లుల వాళ్లు పొట్టి పనస ముక్కల్ని వేరుగా పేర్చి ఉంచితే కొనుక్కునే నాలాంటి వాళ్లున్నారు. సెప్టెంబరు 5న మాస్టార్లకు ఇద్దామనుకునేవాళ్లు ఆగస్టులో వస్తే కుదరదు. వానల్లో కర్ర ఆరదు, వేసవిలోనే చెప్పాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
కంటోన్మెంట్, విజయనగరం