కాపలా కాస్తున్న కొర్రమీనును కొట్టకుండా ఆపండి

తెలంగాణ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చెరువుల్లోకి కొత్త నీరు చేరిందంటే చాలు, నర్సంపేట, ములుగు వైపు కట్టల మీదికి సరదా వేటగాళ్లు దిగుతున్నారు. చేతిలో రబ్బరు పట్టీతో బాణం వదిలే తుపాకీ, నుదుటికి లైటు. వీళ్లలో చాలామందికి కూర కంటే ఫొటో ముఖ్యం.

సన్నకన్ను వల పిల్లా పెద్దా చూడకుండా ఊడ్చేస్తుంది, మేము కొట్టేది ఒక్క చేపనే కదా అంటారు. నిజమే. ఆ ఒక్కటి ఏది అన్నదే నా గొడవ.

వానాకాలంలో కొర్రమీను జంట గడ్డి మధ్య గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి తేలితే ఆ కాస్త చోట నీళ్లు మరుగుతున్నట్టు కదులుతాయి. వాటి కిందే తల్లో తండ్రో ఉంటుంది, ఎంత అదిలించినా దూరం పోదు. పైగా అది గాలి పీల్చే చేప. మాటిమాటికీ పైకి రావాల్సిందే. వేటగాడు ఎర్రగుంపును చూసి, గురిపెట్టి నిలబడితే సరిపోతుంది. దీన్ని నైపుణ్యం అనడానికి నాకు నోరు రాదు. పెద్దది పోయాక పిల్లలు మిగతా చేపలకూ కొంగలకూ మేతే. బాణం తగిలీ తప్పించుకున్నది బురదలో చస్తుంది, అది ఎవరి లెక్కలోకీ రాదు.

ఏటా మీ శాఖ వదిలే ఉచిత చేపపిల్లల్లో ప్రధానంగా ఉండేవి బొచ్చె, రోహు, మృగాల వంటివే. మన రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకు చాలా చెరువుల్లో ఆ కాపలా జంటే విత్తనం. సంతలో దానికి పలికే ధర మీకు తెలియనిది కాదు. ఆ నష్టం మోసేది మత్స్య సహకార సంఘాల సభ్యులు.

1897 నాటి మత్స్య చట్టం పేలుడు మందునూ విషాన్నీ నిషేధించింది, వలల రకాన్నీ కొలతనూ కట్టడి చేసే వీలిచ్చింది. బాణం తుపాకీ అప్పట్లో ఎవరి ఊహలోనూ లేదు. రాష్ట్ర నిబంధనల్లో దాని పేరు స్పష్టంగా చేర్చి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెరువుల్లో నిషేధించండి. రాత్రి లైటు వేట ఏడాది పొడవునా వద్దు. అయితే ఆ ఉత్తర్వు పట్టుకుని గాలంతో, వలతో బతికేవాళ్ల మీద పడకుండా చూడండి. మన దగ్గర తనిఖీ అంటే ముందు దొరికేది వాళ్లే.

ఊళ్లలో చాటింపు వేయించడం, కట్టల మీద బోర్డులు పెట్టించడం సంఘాలు చేసుకోగలవు. ఈ వానలకు ముందే ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
వరంగల్ జిల్లా చెరువు కింది ఊరి పౌరుడు